గుడ్లగూబ తేని ఉత్తరం

28-11-2025, శుక్రవారం

చి. బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయడం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నీ క్షేమం తెలియక ఇరవై నాలుగు రోజులైందని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతూనే ఉంది, ఈ పెన్ను సన్నగా గీస్తోంది, ఏం చెయ్యను. ఉభయకుశలోపరి.

వాట్సాప్‌లో పెట్టచ్చు కదా నాన్నా అంటావు. పెట్టచ్చు. నేను నాలుగు పేజీలు పెడితే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పెడతావు. కాగితమైతే కనీసం కవరు చింపాలి. ముప్ఫై ఆరేళ్లు ఊళ్లోవాళ్ల ఉత్తరాలు అందించినవాణ్ణి, నా కూతురికి ఒకటి రాసుకుంటే తప్పేం లేదు.

ఇంటి సంగతులు. తుఫానుకి పడిన రెండు కొబ్బరిచెట్లూ కోయించి పెరటి గోడ పక్కన వేయించాను. మొంథా తీరం దాటిన ఆ రాత్రి, అక్టోబరు 28న, నువ్వు ఏడుసార్లు ఫోన్ చేశావు. మీ అమ్మే నీకు ధైర్యం చెప్పి పడుకోమంది. తర్వాత ఆదివారం చేశావు, కొత్త కోటు కొన్నానని చూపించావు. చిన్నబాబుకి సంబంధం కుదిరింది, మౌఢ్యం వెళ్లాక ముహూర్తం పెడతారట. శేషు మామయ్య కాలు నెప్పి అలాగే ఉంది, ఆయన నడవడమూ అలాగే మానలేదు. గేదె ఈనింది, పెయ్యదూడ.

మొన్న ఆదివారం నీ సినిమా చూశాం. హ్యారీ పాటర్, మొట్టమొదటిది, 2001లో వచ్చినది. ఎదురింటి బాబ్జీ కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి మన టీవీకి తగిలించింది. ఏడో తరగతి పిల్ల, నోరు ఊరుకోదు, ప్రతి ముక్కా మాకు తెలుగులో చెబుతూనే ఉంది. నువ్వు వంద సార్లు చూసినప్పుడు నేను ఒక్కసారీ పూర్తిగా కూర్చోలేదని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడెందుకు చూశారంటే, ఊరికే. నీ ఫొటో చూశాక చూడాలనిపించింది. ఆ ఫొటో గురించి తర్వాత రాస్తాను.

సినిమా సంగతి నాకు తెలియదు గానీ, అందులో గుడ్లగూబలు ఉత్తరాలు మోసే తపాలా వ్యవహారం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ పిల్లాడికి, హ్యారీకి, మంత్రాల బడి నుంచి వచ్చిన ఉత్తరం మీద అడ్రసు చూశావా? ఊరు, వీధి, నాలుగో నంబరు ఇల్లు, ఆ ఇంట్లో మెట్ల కింద అర, అన్నీ రాశారు. పోస్ట్‌కోడ్ మాత్రం రాయలేదు! మనకి 1972లో పిన్ కోడ్ వచ్చింది. ఆరంకెలు వేయండి బాబూ అని జనానికి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. స్టాంపు కూడా లేదు. మా లెక్కలో అది బేరింగ్ ఉత్తరం, తీసుకునేవాళ్ల దగ్గర రెట్టింపు వసూలు చెయ్యాలి. గుడ్లగూబ ఎక్కడ వసూలు చేస్తుంది. ఆ తెల్లగుడ్లగూబ కథలో ఆడదట, వేషం వేసినవి మగవట. మగవి ఇంకా తెల్లగా ఉంటాయని ఈ పిల్ల చెప్పింది.

ఇక ఆ పిల్లాడి పెద్దమ్మ మొగుడు! పరాయివాడి పేర వచ్చిన ఉత్తరాన్ని చింపుతాడా, పొయ్యిలో వేస్తాడా, తలుపుకున్న ఉత్తరాల కంతకి చెక్క కొడతాడా. నేను టీవీని తిట్టానని మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతోంది. ఆదివారం బట్వాడా ఉండదు కదా అని ఆయన ధీమాగా కూర్చుంటే పొయ్యి గొట్టంలోంచి ఇల్లంతా ఉత్తరాలు. అంత బరువు ఎవరు మోశారో పాపం. చివరికి సముద్రంలో రాతి మీద గుడిసెకి ఆ గడ్డపాయన, హాగ్రిడ్, స్వయంగా వెళ్లాడు. తీరా వెళ్లి లావుపాటి పిల్లాణ్ణి చూసి నువ్వే కదూ అనుకున్నాడు. అడ్రసీ ఎవరో అడగకుండా అలా అనుకోవడమే తప్పు. మొత్తానికి చేతికి అందించాడు, దాన్నే రిజిస్టరు బట్వాడా అంటారు. ఆ రిజిస్టర్డ్ పోస్టునే ఈ ఏడాది స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేదని మీ అమ్మ అందరికీ చెప్పింది. అబద్ధం. మజ్జిగ పోసుకోలేదు, అంతే.

మీ అమ్మకి మాత్రం ఆ పెద్ద హాలులో విందు నచ్చింది. ఆ మొదటి సినిమాలో బల్లల మీద నిజం వంటలే పెట్టారట. లైట్ల వేడికి వాసనలు పట్టేసి, తర్వాత సినిమాలకి అచ్చుపోసిన ఉత్తుత్తి వంటలు పెట్టారట. “ఇంతకీ ఆ పిల్లలు తిన్నారా లేదా” అని మీ అమ్మ అడిగింది. అడుగుతున్నది ఆ పిల్లల గురించి కాదని నీకు చెప్పక్కర్లేదు. ఫొటోలో నీ మణికట్టు చూసిందిగా.

సరే, ఆ ఫొటో. నీ స్టేటస్‌లో ఒక్క రోజు ఉండి పోయింది గానీ మీ పెద్దత్త ఫోన్‌లో శాశ్వతంగా ఉంది. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో, సినిమాలో పిల్లలు బడి రైలెక్కడానికి గోడలోంచి దూరిపోతారే, అలా గోడలోకి సగం దూసుకుపోయిన తోపుడుబండి, దాని మీద పంజరం, నువ్వు ఎగిరి పట్టుకున్నట్టు. మెడలో చారల మఫ్లర్ గాల్లో తేలుతోంది. దాని కొస దగ్గర ఒక చెయ్యి. మనిషి లేడు, చెయ్యి ఉంది. పెద్దత్త దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, ఇది మగవాడి చెయ్యేనని తేల్చి, కార్తీక పౌర్ణమి నాడు గుళ్లో దీపాల దగ్గర నలుగురికీ చూపించింది. రావులపాలెం నుంచి ఫోన్ వచ్చింది, బుజ్జి పెళ్లి చేసేసుకుందటగా అని.

అసలు విషయం ఈ ఏడో తరగతి పిల్ల చెప్పింది. అక్కడ దుకాణంవాళ్లే మనిషిని పెట్టి మఫ్లర్ కొస పట్టుకుని ఎగరేసి వదులుతారట, ఫొటోలో గాలికి ఎగిరినట్టు వస్తుందట. చెయ్యి తీసేలోపు నీ ఫొటో వచ్చేసింది. నేను వెళ్లి అక్కయ్యకి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఇంకో మాట, సినిమాలో ఆ గోడ తీసింది తొమ్మిదీ పదీ ప్లాట్‌ఫారాల మధ్య కాదట, నాలుగూ అయిదూ మధ్యట. బోర్డు ఒకచోట, బండి ఒకచోట. మన రైల్వేవాళ్లనే అంటాం.

కాబట్టి చెయ్యి గురించి నాకేం టెన్షన్ లేదు. ఒకవేళ నిజంగా ఎవరిదైనా అయితే, మీ అమ్మకి నేను చెప్పుకుంటాను, అదొక పెద్ద విషయం కాదు.

నీ పదకొండో పుట్టినరోజు గుర్తుందా? 2009, ఆగస్టు. జూన్ నుంచే మొదలెట్టావు, పదకొండు నిండితే ఆ బడి నుంచి ఉత్తరం వస్తుందని. పొద్దున్నే బ్యాగు విప్పే వేళకి ఆఫీసుకి వచ్చి బల్ల దగ్గర నిలబడేదానివి. ఉత్తరాలు సార్టింగ్ చేస్తుంటే మధ్యలో వేలు పెట్టి ఇది ఏ ఊరు, అది ఏ ఊరు అని ముద్రలు చదివేదానివి. పోస్టుమ్యాన్ సూర్యంగారు, పాపం, “ఈవేళా రాలేదమ్మా” అని రోజూ సంజాయిషీ చెప్పేవాడు. ఇక చూడలేక నేనే రాశాను. పసుపుపచ్చ కాగితం అమలాపురంలో కొన్నాను. ఆకుపచ్చ సిరా మీ అన్నయ్య చెప్పాడు. ఇంగ్లీషు మీ బడిలో పంతులుగారి చేత రాయించాను. ఎర్ర లక్క మెయిల్ బ్యాగులకి సీలు వేసేది, ప్రభుత్వానిది, రెండు గ్రాములు. సర్వీసు మొత్తంలో నేను తిన్న లంచం అదే. ఎవరో లండన్ నుంచి రాసిన పాత కవరు మీది స్టాంపు నీళ్లలో నానబెట్టి తీసి, ఆరబెట్టి అతికించాను. సూర్యంగారు సైకిల్ మీద ఇంటికి తెచ్చి గంట కొట్టి మరీ ఇచ్చాడు. నువ్వు అరిచిన అరుపుకి వీధి వీధంతా వచ్చింది.

రెండు రోజులు నేల మీద లేవు. మీ పెద్దత్తకి కూడా చూపించావు, ఆవిడ అందులో ఫీజు ఎంతో రాశారా అని అడిగింది. మూడో రోజు సాయంత్రం ఆఫీసు మూసే వేళకి వచ్చి కౌంటరు మీద ఆ కవరు పెట్టావు. “నాన్నా, లండన్‌లో పోస్టు చేస్తే స్టాంపు మీద లండన్ ముద్ర ఉండాలి కదా. మన ఊరి ముద్ర వెనక ఉండాలి కదా” అన్నావు. చూస్తే ఏముంది, స్టాంపు నడినెత్తిన మన ఊరి తేదీ ముద్ర. ఉత్తరం కనపడితే నా చెయ్యి ఆగదు, ఠపీమని కొట్టేసింది. అన్నేళ్ల అలవాటు నన్ను పట్టించింది. ఎప్పుడు చూశావే అంటే మొదటి రోజే అన్నావు. మరి చెప్పలేదేం అంటే, “నువ్వు అంత కష్టపడి చేశావు, బాధపడతావని” అన్నావు. పదకొండేళ్ల పిల్లవి.

అప్పుడు రెండు రోజులు దాచావు.

ఆ ఫొటోలో మీ పెద్దత్త చెయ్యి చూసింది. మీ అమ్మ మణికట్టు చూసింది. నేను తేదీ చూశాను. నవంబరు 4, మంగళవారం. మాకు సాయంత్రం నాలుగూ యాభైకి పెట్టావు, అంటే మీకు పొద్దున్న పదకొండూ ఇరవై. లీడ్స్‌లో ఆఫీసులో ఉండాల్సిన మనిషి మంగళవారం పదకొండూ ఇరవైకి లండన్‌లో ఏం చేస్తోంది? పాత ఫొటో అనుకుందామంటే ఆ కోటు తుఫాను తర్వాత కొన్నదే. సెలవు పెట్టుంటావు అనుకున్నాను. ఇంటర్వ్యూకి వెళ్లుంటావని కూడా అనుకున్నాను. అలా అయితే ఉన్న ఉద్యోగం ఏమైనట్టు? ఆ తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. దాని తర్వాతి ఆదివారం “బిజీ నాన్నా”. మొన్న ఆదివారం బొటనవేలు.

ఉద్యోగం పోతే పోయింది. ఇలా రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. నిన్ను మందలించడానికి కాదు. ఆ రెండో సినిమాలో ఎర్ర కవరు ఉత్తరం వస్తుందట కదా, విప్పగానే తల్లి గొంతుతో హాలంతా వినపడేలా అరిచేది. ఇది అది కాదు. నేను డిపార్టుమెంటు పరీక్ష మూడోసారికి గట్టెక్కాను, రెండుసార్లు తప్పిన సంగతి మీ తాతకి పోయేదాకా తెలియదు. అది గొప్ప అని చెప్పడం లేదు. నెల నెలా ఆయన అడిగినప్పుడల్లా ఇంకా రిజల్టు రాలేదు నాన్నగారూ అనేవాణ్ణి, ఆ మాటే నన్ను ఎక్కువ తినేసింది. అందుకని చెబుతున్నాను. చేతిలో ఎంత ఉందో కాగితం మీద రాసుకో. అద్దె, తిండి, బస్సు, ఫోన్. క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టకు. రెండేళ్ల వీసాలో ఇంకా ఎన్ని నెలలున్నాయో నీకు తెలుసు, నాకూ తెలుసు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టాను. స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకు, తెలుగువాడైనా, మన జిల్లావాడైనా, మరీ ముఖ్యంగా మన జిల్లావాడైతే. రాత్రి డ్యూటీలు చెయ్యాల్సి వస్తే ఒంటరిగా నడిచి రావద్దు. చదువుకి అప్పు తీసుకున్నది నేను, వాయిదాలు కట్టేది నా పెన్షను, నువ్వు దాని గురించి ఆలోచించకు. ఇదిగో, మందలించనని మొదలుపెట్టి ఎక్కడికి వచ్చానో చూడు.

సినిమాలో ఒక అద్దం ఉంది కదా. ఆ పిల్లాడికి అందులో చచ్చిపోయిన తల్లీ తండ్రీ కనపడతారు. తల్లి వాడి భుజం మీద చెయ్యి వేస్తుంది. వాడు తన భుజం తడుముకుంటాడు, అక్కడేమీ ఉండదు. మీ అమ్మ అక్కడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, పాలు పొంగుతున్నాయని. పొయ్యి మీద పాలు లేవు. అప్పటి నుంచి ఫొటోలో చెయ్యి ఎవరిదని అడగడం మానేసింది. ఇంకోటి అడుగుతోంది. రెండో సినిమాలో ఆ ఎర్రజుట్టు పిల్లల ఇంట్లో గడియారం ఉంటుందట, టైము చూపించదు, పిల్లలు ఎవరు ఎక్కడున్నారో చూపిస్తుందట. అది నీకు దొరికితే ఎంతవుతుందో కనుక్కోమంది. ఆ పిల్ల నవ్వితే, “నవ్వకు, అడిగితే పోయేదేముంది” అంది. టీచరమ్మ వేషం వేసిన మ్యాగీ స్మిత్ పోయినేడాది పోయిందని చెబితే అరగంట మాట్లాడలేదు, అచ్చం తనకి లెక్కలు చెప్పిన మేరీ టీచరులా ఉందట.

మీ అమ్మకి ఈ మంగళవారం గొడవ తెలియదు. ఈ ఉత్తరం ఆవిడ చదువుతానంటే పైకాగితాలు ఇచ్చాను, తుఫాను, గేదె, గుడ్లగూబ. ఇవి విడిగా పెట్టి కవరు అంటించాను. సాయంత్రం అయిదింబావుకి గుడికి వెళ్తుంది, ఏడుకి గానీ రాదు. మీవాళ్లు గడియారాలు వెనక్కి తిప్పారు కదా, అంటే మీకు మధ్యాహ్నం పన్నెండు లెక్క వేసుకో. ఫోన్ ఛార్జింగులో పెట్టి అరుగు మీదే ఉంటాను. డ్యూటీలో ఉంటే చెయ్యకు. డ్యూటీ లేకపోయినా చెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న

తా.క. సున్నుండలు, కందిపొడి, అమ్మ చేతి అల్లప్పచ్చడి విడిగా పార్శిల్ కట్టాను. పచ్చడి సీసాకి మూడు కవర్లు తొడిగి లక్కలా మైనం కూడా పోశాను, కారదు. ఫారం మీద వెల ఎంతని రాయమంటే మీ అమ్మ అయిదువేలు రాయమంది, నేను అయిదువందలు రాశాను. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకో, ఫొటోలో పైవి రెండూ తెరిచే ఉన్నాయి.