వానకు ఆగని ‘బీచ్ కిట్’: అద్దె, బాండ్ తిరిగి ఇవ్వాలని ఫిర్యాదు

క్యాంపింగ్ సామాన్ల అద్దె సంస్థ నిర్వాహకులకు,
టార్నీట్, మెల్‌బోర్న్.

నమస్కారం.

విల్సన్స్ ప్రామంటరీ నేషనల్ పార్కులోని టైడల్ రివర్ క్యాంపుకు వారాంతంలో వెళ్లడానికి మీ దగ్గర ఆరుగురి ‘బీచ్ కిట్’ అద్దెకు తీసుకున్నాం. అద్దె 260 డాలర్లు, బాండ్ (సామాను తిరిగిచ్చాక వాపసు చేయాల్సిన డిపాజిట్) 300. మొదటి రాత్రి వానకే టెంట్‌లో నీళ్లు నిలిచాయి, గాలి వైపు తాళ్లు నేలలో దిగేసిన పెగ్గులతో (మేకులతో) సహా ఊడొచ్చాయి. సామాను తిరిగి అప్పజెప్పాక ఆరబెట్టినందుకు, బూజు శుభ్రం చేసినందుకు అంటూ బాండ్‌లో 180 డాలర్లు కోశారు. పైగా ‘లోపలి తడి మీ ఊపిరి ఆవిరే, టెంట్‌లో ఏ లోపమూ లేదు’ అని జవాబు రాశారు. ఆ జవాబు తప్పు. మీరు తెలుగులో ఇచ్చే ప్రకటన చూసి, కొత్తగా వచ్చిన విద్యార్థులు, చిన్నపిల్లలున్న కుటుంబాలు ఇవే కిట్లు పట్టుకెళ్తున్నారు. అందుకే లోపం ఎక్కడుందో వివరంగా రాస్తున్నాం.

ముందు ఆవిరి సంగతి. ఊపిరి తేమ చల్లబడి నీరైతే అది ఫ్లై (టెంట్ మీద కప్పే వాన గుడ్డ) లోపలివైపు అంతటా సన్నటి తుంపరలా పరుచుకుంటుంది. వేలితో రాస్తే గుడ్డంతా ఒకే తీరుగా తడి తగులుతుంది. మా టెంట్‌లో గుడ్డ మధ్యభాగం దాదాపు పొడిగా ఉంది. నీరు కుట్ల వెంబడి గీతలా దిగి, మూలల్లో చుక్క చుక్కగా కారి, కింద మడుగు కట్టింది. మొదటి మూడు ఫొటోలు చూడండి. ఇది కారడమే, ఆవిరి కాదు.

కారణం కుట్ల మీది టేపు. ఫ్లై తిరగేసి వెనుక మూల దగ్గర మడత విప్పితే, సీమ్ టేప్ పాము కుబుసంలా పొడవునా లేచిపోయి ఉంది. దాని కింద సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి, టార్చి పెడితే వెలుతురు ఇవతలికి వస్తోంది. లోపలి పూత వేళ్లకు జిగటగా అంటుకుంటోంది, పుల్లటి ముక్క వాసన కొడుతోంది. నీరు దిగకుండా గుడ్డకు వేసే పాలీయురెథేన్ పూత చెడిపోతే వచ్చే గుర్తులే ఇవి. తడి ఆరకుండానే టెంట్‌ను చుట్టి సంచిలో కుక్కి, వేడి గ్యారేజీలో పడేస్తే, ఆ తేమ పూతను లోలోపలే విరగ్గొడుతుంది. ఇది ఒక్క వారాంతంలో జరిగేది కాదు. మీరు ప్రకటించిన 3000 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి అంకె (గుడ్డ కారకుండా ఆపగల నీటి స్తంభం ఎత్తు) కొత్త గుడ్డకు ఉండి ఉండొచ్చు. పూత ఊడి, కుట్లు తెరుచుకున్న గుడ్డకు ఆ అంకె అతకదు.

టేపు మాత్రమే లేచి, పూత బాగుంటే మరమ్మతు కుదురుతుంది. పాత టేపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా తీసేసి, ఆరాక ఆ గుడ్డకు సరిపడే సీలర్ పూయాలి. పాలీయురెథేన్ పూత ఉన్న గుడ్డకు పాలీయురెథేన్ సీలరే వాడాలి, సిలికాన్ గుడ్డకు సిలికానే. ఒకదాని మీద ఇంకొకటి పూస్తే నిలవదు. పూతే జిగటైపోయిన టెంట్‌ను మాత్రం అద్దెకివ్వడం మానేయాలి. మాకిచ్చినది ఆ రకం.

ఇక పెగ్గులు. ‘బీచ్ కిట్’ అన్నారు కానీ సంచిలో ఉన్నవి 18 సెంటీమీటర్ల సన్నటి వంపు కమ్మీలు. గట్టి నేలలో అవి చాలు. టైడల్ రివర్ క్యాంపు నార్మన్ బీచ్ ఇసుక దిబ్బల వెనకే ఉంది, నేలంతా ఇసుకే. ఇసుకలో పెగ్గును పట్టి ఉంచేది దాని మీదున్న ఇసుక బరువు. అందుకే వెడల్పు రెక్కలతో కనీసం 30 సెంటీమీటర్ల పొడవున్నవి ఇవ్వాలి. అవి లేకపోతే నాలుగు గుడ్డసంచులైనా ఇవ్వండి. సంచిలో ఇసుక నింపి, సంచి నడుముకు తాడు కట్టి, తాడుకు అడ్డంగా మోకాలి లోతు గోతిలో పూడ్చి తొక్కితే, మామూలు పెగ్గుకు రానంత పట్టు వస్తుంది.

తాళ్ల పొడవు లెక్క కూడా తప్పే. తాడు కట్టే కొక్కెం నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంది, మీరిచ్చిన తాడు పొడవు 1.6 మీటర్లు. అంత పొట్టి తాడు నేలతో దాదాపు 70 డిగ్రీల కోణంలో నిటారుగా నిలుస్తుంది. గాలి కొట్టిన ప్రతిసారీ అది పెగ్గును పక్కకు కాక పైకే లాగుతుంది. కోణం 45 డిగ్రీలు రావాలంటే 2.1 మీటర్లకు పైగా తాడు కావాలి, ముడికీ బిగింపుకూ కలిపి రెండున్నర మీటర్లు ఇవ్వండి.

టెంట్ కింద పరిచే షీటు టెంట్ అడుగు కన్నా నాలుగు వైపులా జానెడు పెద్దది. బయటికి వచ్చిన ఆ అంచు మీద పడ్డ వాన నీరంతా టెంట్ కిందికే చేరుతుంది. షీటు టెంట్ అడుగు కన్నా ప్రతి వైపూ ఐదు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. మడిచి లోపలికి తోయమని మీ కరపత్రంలో ఒక్క ముక్క కూడా లేదు.

ఆ కరపత్రం గురించే అన్నిటికన్నా గట్టిగా చెప్పాలి. ‘వాన పడితే స్టవ్‌ను టెంట్ వరండాలోకి తెచ్చి, జిప్పు వేసుకుని వండుకోండి’ అని అచ్చు వేశారు. ఇది ప్రాణాలు తీసే సలహా. మూసిన చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. బొగ్గుల బార్బెక్యూ మంట ఆరినట్టు కనిపించినా గంటల తరబడి ఆ విషవాయువు వదులుతూనే ఉంటుంది. వాన రోజున వండుకోడానికి పక్కలు తెరిచి ఉన్న టార్పాలిన్ విడిగా కట్టాలి, స్టవ్‌ను దాని అంచున టెంట్‌కు దూరంగా పెట్టాలి. మిగతా విషయాల్లో మీతో వాదించవచ్చు, ఈ వాక్యాన్ని మాత్రం ఈరోజే తీసేయండి. ఆ కరపత్రం ఇంతకుముందు తీసుకెళ్లిన వాళ్లందరికీ మెసేజ్ పంపండి.

అదే కాగితంలో ‘తలుపు సముద్రం వైపు పెట్టండి, దృశ్యం బాగుంటుంది’ అని కూడా ఉంది. ఇక్కడ చలిగాలి తెర (కోల్డ్ ఫ్రంట్) దాటేటప్పుడు వాయవ్యం నుంచి వీస్తున్న గాలి ఉన్నట్టుండి నైరుతికి తిరుగుతుంది, వాన ఆ గాలితోనే వస్తుంది. నార్మన్ బీచ్ సముద్రం ఉన్నదీ ఆ వైపే. తలుపు సముద్రం వైపు పెడితే వాన నేరుగా లోపలికి కొడుతుంది. తిండి సామాన్లు వరండాలో పెట్టుకోమనడం కూడా తప్పే. అక్కడి వాంబాట్లు అనే అడవి జంతువులు వాసన పట్టి గుడ్డ చింపుకుని లోపలికొస్తాయి, తిండి కారులోనే ఉండాలి.

బూజు శుభ్రం ఖర్చు మేం ఒప్పుకోం. మీ గుమ్మంలో సామాను తీసుకుంటూ తీసిన ఫొటోల్లోనే ఫ్లై మీద నల్ల మచ్చలు ఉన్నాయి, సమయంతో సహా జతచేశాం. తిరిగిచ్చిన రోజు కూడా వాన కురుస్తోంది. టెంట్ తడిగా ఉందని, విప్పి ఆరబెట్టాలని మీ మనిషికి చెప్పే ఇచ్చాం.

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం 2011 జనవరి 1 నుంచి అమలులో ఉంది. వస్తువు నాణ్యంగా ఉండాలి, వర్ణనకు సరిపోవాలి, చెప్పిన పనికి పనికిరావాలి అన్న దాని హామీలు అద్దెకిచ్చిన వస్తువులకూ వర్తిస్తాయి. ‘రీఫండ్ ఉండదు’ అని మీ రసీదు అడుగున వేసిన గీత ఆ హామీలను రద్దు చేయలేదు. బీచ్ కోసం, వానకోసం అని అడిగి తీసుకున్న కిట్ రెండిటికీ పనికిరాలేదు కాబట్టి అద్దె 260, బాండ్‌లో కోసిన 180, మొత్తం 440 డాలర్లు 14 రోజుల్లో మా ఖాతాకు జమ చేయండి. ఆ టెంట్‌ను ఇంకెవరికీ ఇవ్వకండి. మిగతా టెంట్లను పెరట్లో వేసి, కుట్ల మీద పది నిమిషాలు హోస్ పట్టి, లోపల ఒకరు టార్చితో చూశాకే ఇవ్వండి.

గడువులోగా జవాబు రాకపోతే రాష్ట్ర వినియోగదారుల రక్షణ సంస్థ కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాను ఆశ్రయిస్తాం, అక్కడా తేలకపోతే విక్టోరియా సివిల్ అండ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌లో దావా వేస్తాం.

జతచేసినవి: రసీదు, మీ ప్రకటన, కరపత్రం, మీ జవాబు ప్రతులు, సామాను తీసుకున్నప్పుడు, వాన రాత్రి, తిరిగిచ్చినప్పుడు తీసిన ఫొటోలు.

ఇట్లు,
రసీదులో పేర్లున్న ఆరుగురం