మీ '400 మీటర్ల' కాటేజీ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో మూడుసార్లు చాట్ చేశాను. మూడుసార్లూ "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఒకటే మెసేజ్ వచ్చింది, నాలుగోసారి అడిగితే టికెట్ క్లోజ్ అయిపోయిందన్నారు. నా సమస్య క్లోజ్ కాలేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది దుప్పట్లు మురికిగా ఉన్నాయనో గీజర్ పనిచేయలేదనో రాస్తున్నది కాదు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, గీజరూ పనిచేసింది, కాటేజీ చూసుకునే వాచ్‌మన్ చాలా మంచి మనిషి. దయచేసి ఈ ఉత్తరం చూసి ఆయన్ని ఏమీ అనకండి.

గొడవంతా మీ పేజీలో ఉన్న ఒక్క లైనుతో. "సముద్రతీర నడకదారికి 400 మీటర్లు, 5 నిమిషాల నడక."

మేం ఆ కాటేజీ తీసుకున్నదే ఆ లైను చూసి. మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. రోజూ నడవండి, కానీ మెట్ల జోలికి పోకండి అన్నారు డాక్టర్. సముద్రం పక్కన చదునైన దారి, ఇంటి గుమ్మం దిగితే చాలు, పొద్దున కాసేపు సాయంత్రం కాసేపు ఆయన తన తీరున నడుచుకుంటారు, మేమూ పాపా వెనకాల ఉంటాం, ఇదీ మా ప్లాన్. రెండు వారాలు కూర్చుని వెతికాను. చివరికి మూడు కాటేజీలు మిగిలాయి. ఒకదానికి పెద్ద తోట ఉంది కానీ ట్రైల్, అంటే ఆ నడకదారి, రెండు కిలోమీటర్ల దూరం, ఇంకోటి సరిగ్గా తీరం మీదే ఉంది కానీ గదులు పై అంతస్తులో. మీదానికి అద్దె ఎక్కువైనా ఆ 400 మీటర్లకే పడిపోయాను. బుక్ చేసేముందు మీ చాట్‌లో "మెట్లు ఏమైనా ఎక్కాలా?" అని అడిగాను కూడా. "కాటేజీ అంతా గ్రౌండ్ ఫ్లోరే మేడమ్" అని జవాబొచ్చింది. నేనడిగింది ట్రైల్ సంగతి, మీరు చెప్పింది ఇంటి సంగతి. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు, అది నా పొరపాటే అనుకోండి, కానీ మీకైనా తట్టాలి కదా.

సాయంత్రం అక్కడికి చేరాక వాచ్‌మన్‌ని ట్రైల్‌కి దారెటు అనడిగితే, ఆయన ముందు గేటు వైపు, అంటే మేం వచ్చిన రోడ్డు వైపే చెయ్యి చూపించాడు. ఎంత దూరం అన్నాను. "కారుందిగా అమ్మా?" అన్నాడు.

మర్నాడు ఫోన్‌లో కొలుచుకుంటూ నడిచాను. రోడ్డు మీదుగా 2.6 కిలోమీటర్లు, అదీ వంపులు తిరుగుతూ కిందికి దిగే రోడ్డు, ఫుట్‌పాత్ లేదు, కారు వస్తే గోడకి అతుక్కుని నిలబడాలి. ఆ చివర్న మెట్లు. పాప 185 అని లెక్కపెట్టింది, నేను మళ్లీ లెక్కపెడితే 187 వచ్చాయి. ఎన్నైతేనేం లెండి, మా నాన్నకి మొదటి పది చాలు. ఇనుప రెయిలింగ్ ఉప్పుగాలికి ఎంత తుప్పు పట్టిందంటే, పట్టుకుని దిగి అరచెయ్యి చూసుకుంటే పెచ్చులు పెచ్చులుగా అంటుకుని ఉంది. ఆ మెట్లు దిగాక గానీ ట్రైల్ మొదలవదు.

మరి 400 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంటికొచ్చాక మ్యాప్‌లో నేనే గీత గీసి చూశాను. కాటేజీ మీద ఒక పిన్ను, కింద ట్రైల్ మీద ఒక పిన్ను, మధ్యలో తిన్నగా గీత పెడితే సరిగ్గా 400. కాటేజీ కొండ మీద ఉంది, ట్రైల్ కొండ కింద ఉంది, మధ్యలో నిట్టనిలువుగా కొండ అంచు. పైనుంచి తీసిన శాటిలైట్ ఫోటోలో ఎత్తు కనపడదు, కొండ అంచూ కింది ఇసుకా పక్కపక్కనే పరిచినట్టుంటాయి. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, ఉన్న మ్యాప్ తీసి చూస్తే ఆ చోట గీతలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఇరుకిరుకుగా ఉన్నాయి, గీతలు అలా ఉన్నాయంటే అక్కడ నేల నిలువుగా ఉందని. మాలాంటివాళ్లు సెలవులకి వెళ్లేముందు కాంటూర్లు చూడరు. అవన్నీ మేం చూసుకోనక్కర్లేకుండా ఉండాలనే కదా మీకు కమీషన్ ఇచ్చేది.

ఆ 5 నిమిషాల సంగతి కూడా చెప్తాను. కొండదారుల్లో పట్టే టైముకి ఒక పాత లెక్క ఉంది, 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పింది, ఇప్పటికీ ట్రెక్కింగ్ చేసేవాళ్లు దాన్నే వాడతారు. గంటకి సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాం అనుకుని, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట కలపాలి. మీ ట్రైల్ నుంచి కాటేజీకి తిరిగి రావాలంటే 2.6 కిలోమీటర్లకి 31 నిమిషాలు, రోడ్డూ మెట్లూ కలిపి ఎత్తు దాదాపు 90 మీటర్లు కాబట్టి ఇంకో 9. మొత్తం 40 నిమిషాలు. అదీ దమ్మున్నవాళ్లకి, ఎక్కడా ఆగకుండా. అంటే పోనూ రానూ గంటకి పైగా నడిస్తే, ట్రైల్ మీద ఒక్క అడుగూ వేయకుండానే ఆరోజు వాకింగ్ అయిపోతుంది!

సరే, వచ్చాం కదా అని ఆ తర్వాతి రోజు పొద్దున్నే కారులో మెట్ల దాకా వెళ్లి, నాన్నని పైనే కారులో వదిలి మేం దిగాం. నడవడానికని వచ్చిన మనిషి కారులో అద్దం దించుకుని కూర్చున్నారు, "మీరెళ్లి రండమ్మా, నాకిక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

ట్రైల్ మాత్రం అద్భుతంగా ఉంది, కాదనను. అయితే ఒకచోట కొండ ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి, దాని చుట్టూ దారి ఇసుక మీదుగానే పోతుంది. ఆరోజు ఆరింటికి హాయిగా దాటాం. దాని మర్నాడు అదే ఆరింటికి వెళ్తే అక్కడ నీళ్లు. ఇది మీ తప్పు కాదు, చంద్రుడిది. చాలా తీరాల్లో ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే ప్రతిరోజూ ముందురోజు కంటే 50 నిమిషాలు ఆలస్యం, నీళ్లు వెనక్కి తగ్గడమూ అంతే ఆలస్యం. పైగా పున్నమికీ అమావాస్యకీ పోటు మామూలు కంటే ఎక్కువ. వెన్నెల్లో సముద్రం చూద్దామని మేమే ఏరికోరి పున్నమి రోజులు బుక్ చేసుకున్నాం, కాబట్టి అదీ మా ఘనతే. కానీ కాటేజీలో అల్మరా తలుపుకి లోపలివైపు అంటించిన ఆటుపోట్ల టైమ్‌టేబుల్ పోయినేడాదిది! పాత టైమ్‌టేబుల్ ఉండేకంటే అసలు లేకపోవడమే నయం. అది నమ్మి వెళ్లి, ఆ కొండముక్కు అవతల ఎవరైనా చిక్కుకుపోతే ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు ఎక్కడానికి వీల్లేని రాయి.

ఇక అసలు విషయం. ఇది ముందే రాస్తే మీరు మిగతాది చదవరని ఇక్కడ రాస్తున్నాను.

మేం దిగిన సాయంత్రమే, సామాను లోపల పెట్టుకుంటుంటే నాన్న ఇంటి వెనక్కి వెళ్లారు. వెనకాల గడ్డిలో జానెడు వెడల్పున ఒక కాలిబాట ఉంది, బాగా నలిగి మట్టి తేలిన బాట, నేరుగా సముద్రం వైపు పోతుంది. 400 మీటర్లు అన్నారు కాబట్టి ఇదే దారి అనుకున్నారాయన. ఎవరైనా అదే అనుకుంటారు. కంచె లేదు, బోర్డు లేదు. వాచ్‌మన్ చూసి "పెద్దాయనా, ఆగండి!" అని అరుస్తూ పరిగెత్తాడు. అరుపు విని మేం వెళ్లేసరికి నాన్న అంచుకి నాలుగడుగుల ఇవతల నిలబడి ఉన్నారు. పక్కకి వెళ్లి దూరం నుంచి చూస్తే తెలిసింది, ఆయన నిలబడ్డ చోటికి కొంచెం అవతల గడ్డి పైన చూరులా వేలాడుతోంది, దాని కింద మట్టి లేదు. వానలూ అలలూ కలిసి లోపలికి తొలిచేశాయి. పైనుంచి చూసేవాడికి అది మామూలు నేలే. ఒకప్పుడు అక్కడ కంచె ఉండేదట. దాని గుంజ ఒకటి ఇంకా తీగని పట్టుకుని గాల్లో ఊగుతోంది. ఫోటో జతచేశాను, చూడండి.

ఆ బాట మా నాన్న ఒక్కరి వల్ల పడింది కాదు. మాకు ముందు ఎంతమంది మీ 400 మీటర్లు వెతుక్కుంటూ అక్కడిదాకా వెళ్లి, కిందికి చూసి, వెనక్కి తిరిగారో, ఆ నలిగిన గడ్డి చెప్తోంది. నేను చాట్‌లో ఇది రాస్తే మీ వాళ్లు "మ్యాప్ ప్రకారం దూరం సరైనదే మేడమ్" అన్నారు. ఆ మ్యాప్ దూరమే మనుషుల్ని ఆ అంచుకి తీసుకెళ్తోందండీ.

మేం ఒకరోజు ముందే బయల్దేరి వచ్చేశాం. ఆ రోజు అద్దె నాకు వెనక్కి ఇవ్వాలి. కూపన్ వద్దు, క్రెడిట్ పాయింట్లు వద్దు, డబ్బు ఏ కార్డు నుంచి తీసుకున్నారో అందులోకే వెయ్యండి. కానీ దానికంటే ముందు, ఈరోజే, పేజీలో ఆ లైను తీసేయండి. "నడకదారికి రోడ్డు మీద 2.6 కిలోమీటర్లు, ఆపైన 187 మెట్లు" అని రాయండి, ట్రైల్‌లో ఒక భాగం పోటు సమయంలో మునుగుతుందని కూడా రాయండి. అది చదివాక కూడా వచ్చేవాళ్లు వస్తారు, ఆ మెట్లు ఆడుతూ పాడుతూ దిగేవాళ్లు బోలెడుమంది. ఓనర్‌తో మాట్లాడి వెనక కంచె వేయించండి, అంచుకి ఆనించి కాదు, బాగా ఇవతలగా. కంచె పడేదాకా ఆ కాటేజీ బుకింగ్ ఆపండి. అల్మరాలో కాగితం మార్చడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదనుకుంటాను.

నేనడిగిన ప్రశ్నకి మీరిచ్చిన జవాబు స్క్రీన్‌షాట్, మీ పేజీ స్క్రీన్‌షాట్, మెట్ల ఫోటోలు, కంచె ఫోటో జతచేశాను. పేజీ మీరు మార్చేస్తే పాతది నా దగ్గర ఉంటుంది. 15 రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే, ఇదే ఉత్తరం వినియోగదారుల కమిషన్‌కి వెళ్తుంది. ఫోన్ చేయాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత చేయండి, నంబరు మీ బుకింగ్ రికార్డులో ఉంది.

ఇట్లు,
మీ కస్టమర్