మా డాబా మీద కరెంటు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందే సారీ. తిట్లన్నీ ఫోన్లో తిట్టుకో. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, నాన్న మళ్లీ వాకింగ్‌కి వెళ్తున్నారు. ఇంటి కబుర్లు ఇంతే, ఇక అసలు సంగతి చెప్పనీ.

మా అపార్ట్‌మెంట్ డాబా మీద సోలార్ పెట్టేశాం రా! పది కిలోవాట్లు! లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, పార్కింగ్ లైట్లు, అన్నీ ఇక దీని లెక్కలోకే. ఇది చదవగానే నీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మన హాస్టల్ "హీటర్ కేసు" అని నాకు తెలుసు. ఆ మాట మా ఆవిడ ముందు మాత్రం ఎత్తకు, ఆవిడకి వార్డెన్ సంగతి ఇంకా తెలీదు.

ఎక్కడ మొదలైందంటే, వరదల్లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మన బెజవాడ సింగ్ నగర్ మీద పడినప్పుడు మేం పైఅంతస్తులో ఎలా ఉన్నామో నీకు చెప్పాను కదా. కింద మోటారు మునిగిపోయింది, కరెంటు లేదు, ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి గ్లాసెడు లేవు. ఒక్క రోజులో అంత వాన కురవడం ఇక ఎప్పుడో గానీ జరగదులే అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. భూమి వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది, పట్టుకున్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తుంది. బొగ్గు కాల్చి తీసే కరెంటుకి దీంట్లో పెద్ద వాటా ఉంది. మన గ్రిడ్ కరెంటు సగటున యూనిట్‌కి 700 గ్రాముల పైనే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఇబ్రహీంపట్నం వైపు వెళ్లినప్పుడల్లా ఆ థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు చూస్తే నాకు మా లిఫ్టే గుర్తొచ్చేది.

సరే, మీటింగ్ పెట్టాం. కేంద్రం వాళ్ల సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద అపార్ట్‌మెంట్ కామన్ మీటర్‌కి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మా పది కిలోవాట్లకి లక్షా ఎనభై వేలు వెనక్కి వస్తాయి. ఫ్లాట్‌కి కొంత, కార్పస్ ఫండ్‌లోంచి కొంత అనుకున్నాం. డబ్బు దగ్గర గొడవ అవుతుందని టెన్షన్ పడ్డాను, అస్సలు కాలేదు. గొడవంతా డాబా దగ్గర వచ్చింది!

పది కిలోవాట్లంటే దాదాపు వెయ్యి చదరపు అడుగులు కావాలి. మూడో ఫ్లోర్ మాస్టారు లేచి, ఈశాన్యంలో బరువు పెడితే ఒప్పుకోను అన్నారు. రెండో ఫ్లోర్ పిన్నిగారు, "ఏంటి నాయనా, డాబా అంతా కప్పేస్తే నా గుమ్మడికాయ వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు. ఇంకొకాయన, ఇరవై ఫ్లాట్లు పెడితే ప్రపంచం మారుతుందా అన్నాడు. అప్పుడు నీ ఉత్తరం బయటికి తీశాను రా, నిజంగా! తమిళనాడులో మేట్టుపాళయం దగ్గర ఓడంతురై గురించి నువ్వు రాశావే, అది చదివి వినిపించాను. పంచాయతీ 2006లో కోటీ 55 లక్షలతో 350 కిలోవాట్ల గాలిమర కొనుక్కోవడం, అందులో కోటీ 15 లక్షలు బ్యాంకు అప్పే అయినా తీర్చేయడం, మిగిలిన కరెంటు బోర్డుకి అమ్మడం. ఒక పంచాయతీ చేసిన పని అది, ప్రభుత్వమూ కాదు, కంపెనీ కాదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ప్రపంచం మారుతుందా అన్న ఆయనే "ఆ ఉత్తరం జిరాక్స్ ఇవ్వండి" అన్నాడు. నీ చేతిరాత చదవడం ఆయన వల్ల అవుతుందా అన్నది వేరే సంగతి. అమ్మాజీ టీచర్ కూడా చదవలేకపోయేది కదా!

అయినా ఈశాన్యమూ వడియాలూ అలాగే మిగిలాయి. ఇక సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కాను. మా ఓవర్‌హెడ్ ట్యాంకూ లిఫ్టు గదీ నైరుతిలో ఉన్నాయి. పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి ట్యాంకు నీడ ఎక్కడ పడుతోందో గీతలు గీశాను. డిసెంబరు కదా, సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. మధ్యాహ్నం దాటాక నీడ సాగి సాగి సరిగ్గా ఈశాన్యంలోకి వెళ్లింది! ప్యానెళ్లు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకదాని మీద నీడ పడ్డా ఆ వరుస మొత్తం నీరసిస్తుంది. అంటే ఈశాన్యం ఎలాగూ వదలాల్సిందే. మాస్టారిని పైకి పిలిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఆ గీతల వెంటే అటూ ఇటూ నడిచారు. "నేను చెప్పిందే కదయ్యా" అన్నారు, చాలా సంతోషంగా.

వడియాల విషయం ఇంకా బాగుంది. పిన్నిగారు వడియాలు పెట్టేది ఎండాకాలంలో. మన బెజవాడలో మే మొదట్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, ట్యాంకు నీడ ట్యాంకు కిందే. ఈశాన్యమంతా ఎండే! ఆ మూల పూర్తిగా ఆవిడకే ఇచ్చేశాం. పైగా ప్యానెళ్లని మనిషి నిలబడేంత ఎత్తులో, దక్షిణం వైపు వాల్చి బిగించాం, కింద బట్టలు ఆరేసుకోవచ్చు. బిగించడానికి వచ్చినవాళ్లు నేల మీదే పెట్టేస్తామని, నీడ పెద్ద విషయం కాదని ఒకటే వాదన. సుద్దగీతలు చూపించి ఒప్పించాను. మీటర్ మార్పించడానికి తిరిగిన తిరుగుడు గురించి... అది రాస్తే మూడ్ పోతుంది, వదిలెయ్.

ఇప్పుడు అసలైన ముక్క విను. స్విచ్ వేసిన రోజు అందరూ పైకొచ్చారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అన్నీ. ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మీద అంకెలు ఎక్కుతుంటే పిల్లలు గట్టిగా చదువుతున్నారు. సరిగ్గా అప్పుడే వీధిలో లైను పనికి కరెంటు తీశారు. మా సోలార్ కూడా టక్కున ఆగిపోయింది! ఒకటే గోల. ఎండ మాడిపోతుంటే ఆగడమేంటి, వరదొస్తే ఇక దీని వల్ల లాభమేంటి, మోసపోయాం... నేను చెప్పబోతున్నాను, నా మాట ఎవరికీ వినపడటం లేదు.

అప్పుడు పిన్నిగారు చెయ్యెత్తారు. బాబాయిగారు లైన్‌మన్‌గా చేసి పోయారని నీకు తెలుసు కదా. "ఆగాలి. ఆగకపోతే మన కరెంటు తీగలోకి పోతుంది. కింద కరెంటు తీశారనుకుని స్తంభం మీద ఎవడో చెయ్యి పెట్టి ఉంటాడు," అన్నారు. అంతే బావా. ఒక్కరు మాట్లాడలేదు. లైన్లో కరెంటు పోయిందని ఇన్వర్టర్ పసిగట్టి దానంతట అదే ఆగడం వెనకున్న కారణం నేను ఎన్ని పేజీలు చదివినా అంత సూటిగా చెప్పలేను. నాకు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు రాస్తున్నా అదే పరిస్థితి.

లైను తిరిగి రాగానే ఇన్వర్టర్ కాసేపు చూసుకుని అదే మొదలైంది. రోజుకి నలభై యూనిట్ల దాకా వస్తోంది. పగలు మిగిలింది లైన్లోకి వెళ్తుంది, రాత్రి తెచ్చుకుంటాం, తేడాకే బిల్లు. దుమ్ము కడగడానికి ఫ్లోర్ల వారీగా వంతులు వేసుకున్నాం, తెల్లారకట్లే, మంచినీళ్లతో. కాలిపోతున్న గాజు మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోయకూడదని పిల్లలే పెద్దవాళ్లకి చెబుతున్నారు.

కానీ వరద ప్రశ్న నన్ను వదలడం లేదు. లైను లేనప్పుడు కనీసం ఒక మోటారు, మెట్ల లైట్లు నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ, లైను లేకపోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. మోటారు కూడా పార్కింగ్‌లోంచి పైకి ఎక్కించాలి. ఖర్చు తక్కువేం కాదు. వానాకాలం లోపే అయిపోవాలని నా పట్టుదల. ఓడంతురై వాళ్లు అప్పు ఎలా తీర్చుకుంటూ వచ్చారో, ఏటా ఎంత కట్టారో నువ్వు ఇంకోసారి వెళ్లి అడిగి రాయరా. ఈసారి కాస్త అర్థమయ్యే అక్షరాల్లో! పక్క వీధి అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా నిన్న వచ్చి సుద్దగీతల గురించి అడిగారు, వాళ్ల ట్యాంకు మాత్రం వాయవ్యంలో ఉంది, అక్కడ నీడ లెక్క...

బావా, మాస్టారు తలుపు కొడుతున్నారు, బ్యాటరీ కొటేషన్ వచ్చిందట. మిగతాది తర్వాత. చెల్లెమ్మకి నమస్కారం చెప్పు.

నీ
బావ