పదహారు పేజీల కోసం ఆగిపోయిన రాత్రి

అందరికీ నమస్కారం.

మే రెండో శని, ఆదివారాల్లో గుంటూరు బ్రాడీపేటలోని మన పుస్తకాల షాపు మేడమీద ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల ‘మాలపల్లి’ మొత్తం పైకి చదివాం. అరగంటకొకరు చొప్పున అరవై మంది పేర్లు రాసుకున్నాం. వాళ్లలో పదకొండు మందికి చదివే వంతే దక్కలేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. మా దగ్గర కొన్న 23 కాపీల్లో పదహారు పేజీలు లేవు. ఏం జరిగిందో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారని విన్నాను. నేనే చెప్పడం సబబు.

ఉన్నవ గారు బతికిన ఊరు మనది. ఆయన, ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టింది ఇక్కడే. అందుకే ఈ పుస్తకం తప్ప వేరే ఆలోచన రాలేదు. నలభై కాపీలకు ముందే డబ్బు కట్టాను. పార్సిల్ గురువారం సాయంత్రం వచ్చింది. పైనున్న రెండు కాపీలు తిరగేసి, అచ్చు బాగుందనుకుని కట్టలు విప్పేశాను. ప్రతి కాపీ చూడాల్సింది. చూడలేదు.

శనివారం పొద్దున పదింటికి మొదలుపెట్టాం. రెండు కూలర్లు తిరుగుతున్నా మేడమీద సెగ తగ్గలేదు. అయినా జనం కదల్లేదు. రాత్రి ఏడు దాటాక డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు చదువుతున్నారు. 208వ పేజీ తిప్పి, రెండు వాక్యాలు చదివి ఆగిపోయారు. వేలు పేజీ మీద అలాగే ఉంచి, ‘‘ఇది ఇందాక చదివిందే కదండీ’’ అన్నారు. నిజమే. 208 తర్వాత మళ్లీ 193. ఆ ఫారం, అంటే ఒకే కాగితం మీద అచ్చేసి మడిచిన పదహారు పేజీల కట్ట, రెండుసార్లు పడింది. దాని తర్వాత తిన్నగా 225. మధ్య ఫారం మాయం. వింటున్నవాళ్లు కూడా తమ కాపీలు తీసి చూసుకున్నారు. అందరివీ అంతే. 225కి వెళ్తే కథలోని సంగదాసు లేడు. ఎలా పోయాడో చెప్పే పేజీలే లేవు.

పబ్లిషరుకు ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తారు. ‘‘ఒకటీ అరా కాపీల్లో అలా వస్తుంటాయండి, సోమవారం చూద్దాం’’ అన్నారు. ఒకటీ అరా కాదండీ, నలభైకి నలభై అన్నాను. అవతల ఫోన్ పెట్టేశారు. పద్నాలుగేళ్లుగా వాళ్లకు ఒక్క చెక్కు కూడా ఆలస్యం చేయలేదు నేను. సోమవారం మళ్లీ మాట్లాడితే, రిటర్న్ పంపండి, లారీ కిరాయి మీదే అన్నారు. కిరాయి ఎంతని కాదు, ఆ మాటకే మనసు విరిగింది. ఇక వాళ్ల పుస్తకాలు మన షాపులో ఉండవు.

ఆ రాత్రి ముందు రెండు దారులున్నాయి. కథ అందరికీ తెలిసిందే కదా, ఆ పదహారు పేజీల సంగతి నోటితో చెప్పి 225 నుంచి సాగిద్దాం అన్నారు కొందరు. ఫోన్లో పాత ముద్రణ స్కాన్ ఉంది, అందులో చదువుదాం అన్నారు ఇంకొందరు. రెండింటికీ నేను ఒప్పుకోలేదు. ఉన్నవ గారు రాయవేలూరు (వెల్లూరు) జైల్లో కూర్చుని రాసిన పుస్తకం అది. మద్రాసు ప్రభుత్వం రెండుసార్లు నిషేధించింది. రెండోసారి నిషేధం 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకే పోయింది. సర్కారు నోరు నొక్కాలని చూసిన పుస్తకంలో, అదీ సంగదాసు చావు ఉన్నచోట, మనంతట మనమే పేజీలు దాటేస్తామా? ఇప్పుడడిగినా నాది అదే మాట. ఫోన్ సంగతిలో మాత్రం నాది మొండితనమే. కాగితం మీదే చదవాలని పట్టుబట్టాను. ఒప్పుకుని ఉంటే పావుగంటలో మొదలయ్యేది.

కొరిటెపాడులో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకరు ఇంటికెళ్లి తన పాత కాపీ తెచ్చేసరికి తొమ్మిదీ నలభై. ఆ రెండున్నర గంటల్లో వంతున్నవాళ్లు చాలామంది చూసి చూసి వెళ్లిపోయారు. తెనాలి నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. ఎనిమిదిన్నరకు వాళ్ల వంతు. పాప తనకు వస్తాయని లెక్కేసుకున్న పేజీల్లో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని ఉంది. రైలు టైమైపోతోందని లేచి వెళ్తుంటే నేను మెట్ల దాకా వెళ్లాను గానీ నోట మాట రాలేదు. అమ్మా, తప్పు నాది. క్షమించండి.

మిగతా రాత్రి, ఉన్నవాళ్లే రెండేసి వంతులు చదివారు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు పుస్తకం పూర్తయింది.

ఆ 23 కాపీలు కొన్నవాళ్లు బిల్లు లేకపోయినా తీసుకురండి. డబ్బు కావాలంటే అప్పుడే ఇస్తాను. పుస్తకమే కావాలంటే వేరే పబ్లిషరు కాపీలు ఇరవై అయిదు తెప్పించాను. ఈసారి ఒక్కొక్కటీ ఫారం ఫారం తిప్పి చూశాను. గీతలు పెట్టుకున్నాం, ఈ కాపీ వదులుకోలేం అనేవాళ్లకు మాస్టారి పుస్తకంలోంచి ఆ పదహారు పేజీలు జిరాక్స్ తీయించి, అతికించి ఇస్తాను.

వంతు పోయిన పదకొండు మందికీ నేనే ఫోన్ చేస్తున్నాను. జూన్ రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, 209వ పేజీ నుంచి మీరు చదవాలి. తెనాలి పాపకు మొదటి వంతు. రైలు దొరికేలోపే అయిపోతుంది.