గుండె మందుల విషప్రభావం – జంతు ప్రయోగాలు

సంపాదకులకు నమస్కారం.

మందుల పరీక్షలకు జంతువులను వాడడం పూర్తిగా మానేయాలన్న వాదన ఇటీవల బలపడుతోంది. 2023 మార్చిలో కేంద్రం కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలను సవరించి, జంతువులతో పని లేని పరీక్షా పద్ధతులకు చోటు కల్పించడం మంచి మార్పే. అయితే గుండె మందులు మోతాదు మించినప్పుడు ఇచ్చే విరుగుడు విషయంలో ఈ వాదనను యథాతథంగా ఒప్పుకోవడానికి, చాలాకాలం ఫార్మకాలజీ (ఔషధ శాస్త్రం) బోధించిన నాకు మనసు రావడం లేదు.

బీపీకి, గుండెదడకు వాడే వెరాపమిల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలను పసివాడు మిఠాయి అనుకుని మింగినా, వేసుకున్న సంగతి మరచి పెద్దవారు మళ్లీ వేసుకున్నా, నాడి మందగించి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ విరుగుడు మేలో పోల్చి తేల్చడానికి, ప్రాణం మీదికి వచ్చిన అటువంటి రోగులను చీట్లు తీసి రెండు జట్లుగా విడదీయడం చాలా కష్టం; పైగా ఏ ఒక్క ఆసుపత్రికీ అంతమంది రారు. అందుకే ఈ ప్రశ్న కుక్కల దగ్గరకు వెళ్లింది. అమెరికాలోని షార్లెట్ నగరంలో జెఫ్రీ క్లైన్ బృందం మత్తులో ఉంచిన కుక్కలకు వెరాపమిల్ ఎక్కించి, ఆపై ఇన్సులిన్‌ను గ్లూకోజుతో కలిపి ఇచ్చి, ఫలితాలను 1993లో ప్రచురించింది. 1997లో అక్కడివారే ప్రొప్రనొలాల్‌తో చేసిన ప్రయోగంలో ఇన్సులిన్ పొందిన ఆరు కుక్కలూ బతికాయి. గ్లూకగాన్ అనే మరో హార్మోను పొందిన ఆరింటిలో నాలుగు, అడ్రినలిన్ పొందిన ఆరింటిలో ఒకటి మాత్రమే మిగిలాయి. ఏ చికిత్సా ఇవ్వనివన్నీ చనిపోయాయి.

మామూలుగా కొవ్వు ఆమ్లాలతో నడిచే గుండె, కష్టకాలంలో గ్లూకోజు మీద ఆధారపడుతుంది. వెరాపమిల్ అటు గుండెను అణచడమే కాక, ఇటు క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను కూడా తగ్గిస్తుంది కనుక, రక్తంలో చక్కెర పెరిగినా గుండెకు అందదు. ఆ లోటును ఇన్సులిన్, గ్లూకోజు కలిపి తీర్చడమే ఈ చికిత్స. 1999లో అయిదుగురు రోగులకు దీన్ని ఇవ్వగా అందరూ కోలుకున్నారు. మధుమేహానికి పూట పూటకూ ఇచ్చే ఇన్సులిన్ మోతాదు ఎక్కడ, గంటకు కిలో బరువుకు ఒక యూనిట్ చొప్పున, అవసరమైతే అంతకు ఎన్నో రెట్లు ఇచ్చే ఈ మోతాదు ఎక్కడ! ముందుగా జంతువుల్లో చూడకుండా ఏ వైద్యుడు ఇంత సాహసం చేయగలడు?

అలాగని కుక్కలో కనిపించిందంతా మనిషికి వర్తిస్తుందని కాదు. ప్రయోగంలో మందును నరం ద్వారా ఎక్కిస్తారు. రోగి మింగిన మాత్ర, ముఖ్యంగా నెమ్మదిగా కరిగే రకం, గంటల తరబడి రక్తంలో చేరుతూనే ఉంటుంది. మత్తుమందు కూడా రక్తపోటును మారుస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ ప్రధానంగా రక్తనాళాలను సడలిస్తుంది కనుక, వెరాపమిల్‌పై వచ్చిన ఫలితాన్ని దానికి నేరుగా అంటగట్టకూడదు.

నా అభ్యంతరమల్లా, తేలిపోయిన ప్రశ్ననే కేవలం పరిశోధనా పత్రం కోసం మళ్లీ అడగడం మీద, విఫలమైన ప్రయోగాన్ని బీరువాలో దాచడం మీద. దాచిన ఫలితం కోసం మరొకచోట మరికొన్ని జంతువులు చస్తాయి. కాబట్టి సంస్థల జంతు నైతిక కమిటీలు అనుమతి ఇచ్చేముందు పాత ప్రయోగాల సమీక్షను తప్పనిసరిగా అడగాలి. ఫలితం ఎలా వచ్చినా బయటపెడతామన్న హామీ రాయించుకోవాలి. ఇన్సులిన్, గ్లూకోజు మన ఆసుపత్రులకు కొత్త సరుకు కాదు కనుక, ఈ చికిత్సా క్రమాన్ని, గంట గంటకూ చూడవలసిన చక్కెర, పొటాషియం వివరాలతో సహా, ప్రతి జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగంలో తెలుగులో రాసి పెట్టాలని వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకుడు,
వరంగల్