గడియారం జరపడం మానాలి సరే, ఏ టైమ్ దగ్గర ఆపాలి?

సంపాదకులకు,

అమెరికాలో ఏటా రెండుసార్లు గడియారాలు జరిపే పద్ధతిని ఎత్తేయాలన్న మాట మార్చి వచ్చిందంటే చాలు, మళ్లీ మొదలవుతుంది. ఎత్తేయాల్సిందే. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. ఈ తతంగంతో పాడయ్యేది ఇక్కడి మా నిద్ర ఒక్కటే కాదు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ హైదరాబాద్‌లో వేసవిలో సాయంత్రం 6.30కి, చలికాలంలో 7.30కి. క్యాబ్ వచ్చే వేళ, భోజనం వేళ, పిల్లల్ని పడుకోబెట్టే వేళ అన్నీ దాంతోపాటు జరగాల్సిందే. అక్కడివాళ్లను అడిగిందెవరు? పండగనాడు గుడిలో చెప్పిన ముహూర్తానికి గంట కలిపారో లేదో అన్న సందేహం ఇక్కడ మాకు అదనం.

అయితే మా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువమంది అడుగుతున్నది ఏడాది పొడవునా గంట ముందుకు జరిపిన వేసవి టైమే ఉంచమని. 2022 మార్చిలో ఒక్కరూ అడ్డు చెప్పకుండా ఎగువ సభ సెనేట్ ఆమోదించిన బిల్లు కూడా అదే. ప్రతినిధుల సభ దాన్ని పక్కన పడేయడం మంచిదే అయింది. ఆఫీసు అయ్యాక వెలుతురుంటే క్రికెట్ ఆడుకోవచ్చన్న ఆశ నాకూ ఉంది. కానీ సాయంత్రానికి కలిపే ఆ గంటను పొద్దుటి పూట నుంచే కదా కోయాలి!

మేముండే డెట్రాయిట్ వైపు జనవరి మొదట్లో సూర్యుడు వచ్చేదే 8 గంటలకు. ఏడింటికి వీధి చివర స్కూల్ బస్సు కోసం నిలబడ్డ పిల్లల మొహాలు కనపడవు. బ్యాగుల మీద మెరిసే పట్టీలు, తల్లుల చేతుల్లో ఫోన్ టార్చిలు, అంతే. వేసవి టైమే ఖాయం చేస్తే తెల్లారేది 9కి.

ఇది చేసి చూసిన పనే. చమురు కొరత రోజుల్లో, అధ్యక్షుడు నిక్సన్ హయాంలో, 1974 జనవరి నుంచి రెండేళ్లపాటు వేసవి టైమే ఉంచాలనుకున్నారు. పిల్లలు చీకట్లో బడికెళ్లాల్సి రావడంతో తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌కల్లా వెనక్కి తగ్గారు. రష్యా కూడా 2011లో వేసవి టైమ్‌ను ఖాయం చేసుకుని, 2014లో స్టాండర్డ్ టైమ్‌కు, అంటే గంట జరపని చలికాలపు టైమ్‌కు, మారిపోయింది. ఒంటికి సరైన మెలకువ రావాలంటే పొద్దుటి వెలుగు కావాలి కాబట్టి నిద్ర వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సైతం స్టాండర్డ్ టైమే మేలంటోంది.

స్టాండర్డ్ టైమ్‌కు ఇబ్బంది లేదనను. జూన్‌లో బోస్టన్‌లో ఆ టైమ్ ప్రకారం నాలుగింటికే తెల్లారిపోతుంది. దానికి మందపాటి కర్టెన్ కొనుక్కోవచ్చు. జనవరి చీకటికి ఏం కొంటాం?

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. గడియారాలు జరపడంపై ఉన్న 1966 చట్టం ప్రకారం వేసవి టైమ్‌ను ఖాయం చేయాలంటే అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఒప్పుకోవాలి. స్టాండర్డ్ టైమ్‌లోనే ఉండిపోవడానికి మాత్రం రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటే చాలు. హవాయి అలాగే ఉంది. అరిజోనా 1967లో ఒక్క వేసవి గడియారాలు జరిపి చూసి, ఆ ఎండలకు సాయంత్రం ఇంకో గంట వెలుతురెందుకని 1968లో మానేసింది. కాబట్టి ఇక్కడ ఓటున్న మనవాళ్లు వాషింగ్టన్ వైపు చూస్తూ కూర్చోకుండా తమ రాష్ట్ర ప్రతినిధికే రాయాలి. మా మిషిగన్ ఒక్కటే కాకుండా పక్కనున్న ఒహాయోతో కలిసి మారితే ఇంకా నయం. అక్కడి టొలీడో నుంచి రోజూ సరిహద్దు దాటి ఇటు ఉద్యోగానికి వచ్చేవాళ్లున్నారు.

— ఒక పాఠకుడు, నోవై, మిషిగన్