వార్షిక నివేదిక 2024-25: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

"సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్రపు నాచు లెక్క మీకెందుకండీ?" అని ఈ ఏడాది కూడా చాలామంది అడిగారు. దేశం మొత్తానికి సముద్రం సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ 1999 నుంచి ఉన్నది మన ఊళ్లోనే అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఉపగ్రహం నీటి రంగు చూసి పచ్చదనం ఎంతుందో చెబుతుంది. అది ఏయే జాతులదో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు రాళ్ల మీద వంగాలి, నీళ్లలో వల ముంచాలి.

విశాఖ టెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లాం. నీరు బాగా వెనక్కి పోయేది అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కాబట్టి మన ట్రిప్పుకు ముహూర్తం పెట్టేది పంచాంగమే. "ఆదివారమే పెట్టండి" అనే మిత్రులు దయచేసి చంద్రుడితో మాట్లాడుకోండి. పీవీసీ పైపుతో చేసిన అరమీటరు చట్రాన్ని ప్రతిసారీ అవే రాళ్ల మీద పెట్టి, ఏ నాచు ఎంత మేర పరుచుకుందో రాసుకున్నాం. పాలకూరలా పచ్చటి ఉల్వా, గాలి బుడ్డల సర్గాసం, సున్నం పట్టిన విసనకర్రలా పడైనా, ఎర్ర నాచు గ్రాసిలేరియా కనిపించాయి. మన కిరాణా షాపులో దొరికే చైనా గ్రాస్ ఇలాంటి ఎర్ర నాచుల నుంచి తీసేదే.

వేసవి ట్రిప్పు జరగలేదు. రెండు రోజుల ముందు ఒక్కొక్కరే ఫోన్ చేసి మానుకున్నారు. ఇప్పుడు రిజిస్టర్లో వేసవి గడి ఖాళీ. వచ్చే ఏడాది నాచు తగ్గినట్టు కనిపిస్తే, నిజంగా తగ్గిందా, మనం చూడలేదా అంటే నేనేం చెప్పను?

ప్లవకాల (నీటిలో తేలే, కంటికి కనిపించనంత చిన్న జీవుల) సంగతి ఇంకా అన్యాయం. 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) కన్నాల వలతో వడగట్టి, అవి పాడవకుండా సీసాలో పల్చటి టీ డికాషన్ రంగు వచ్చేదాకా లూగాల్ అయోడిన్ ద్రావణం వేసి తెచ్చాం. ఆ తర్వాత గళ్ల స్లైడ్ మీద ఒక్కో డయాటమ్‌ను (గాజులాంటి పెంకున్న ఒకే కణపు నాచును) లెక్కపెట్టాలి. బీచ్ ఫొటోకు ఇరవై ఇద్దరు నిలబడ్డారు. మైక్రోస్కోప్ ఆదివారాలకు వచ్చింది నలుగురు. అందులో ఒకణ్ని నేను, ఒకరు మా ఆవిడ. మిగిలిన సీసాలు మా బీరువాలో చీరల పక్కన ఉన్నాయి. పడవ మీద వెళ్లి లోతు నీటి నమూనాలు తీయడానికి ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాం. రసీదులు మాత్రం జాగ్రత్తగా ఇచ్చారు.

ఇంత చిరాకులోనూ గర్వంగా చెప్పుకునేది ఒకటుంది. జనవరిలో మన కమ్యూనిటీ హాల్లో పిల్లలతో నాచు షీట్లు, అంటే కాగితం మీద పరిచి ఆరబెట్టిన నాచు నమూనాలు, చేయించాం. ట్రేలో నీళ్లు పోసి, నాచు తేలుతుండగా కింద నుంచి కాగితం జార్చి, సూదితో కొమ్మలు విడదీసి మెల్లగా పైకి లేపాలి. పైన పల్చటి నూలు గుడ్డ, ఆ పైన పాత పేపర్లు, వాటి మీద బరువు. పేపర్లు రోజూ మార్చాలి. చాలా నాచులు తమ జిగురుతోనే కాగితానికి అంటుకుంటాయి. మూడో తరగతి పాప ఒకతె "అంకుల్, ఫెవికాల్ వెయ్యలేదు కదా!" అని షీటు తిప్పి తిప్పి చూసింది. పేపర్లు మేడ మీద ఆరేస్తే పక్కింటివాళ్లు ఎండుచేపలనుకుని గొడవకొచ్చారు. చివరికి వాళ్లబ్బాయే రెండు షీట్లు చేశాడు.

లెక్కల పత్రం కోశాధికారిగారు పంచారు, చూసుకోగలరు. టికెట్ల క్యాన్సిలేషన్ వల్లే లోటు.

రాళ్ల మీద జారకుండా మా చెయ్యి పట్టుకు నడిపించిన జాలరి సోదరులకు, మైక్రోస్కోప్ అరువిచ్చిన లెక్చరర్ గారికి, హాలు అద్దె తీసుకోని కాలనీ కమిటీకి, ఉప్మా, టీ పంపిన ఇళ్లన్నిటికీ, పాత చీరలు కత్తిరించి గుడ్డలు చేసిచ్చిన అమ్మలకు కృతజ్ఞతలు.

వచ్చే ట్రిప్పు కార్తీక పౌర్ణమికి. పేర్లు ఇచ్చేవారు టికెట్ డబ్బు ముందే కట్టాలి, ఆ డబ్బు తిరిగి ఇవ్వబడదు.